చూపు, వినికిడి రెండును కొరవడిన బాలలు – పంచాయతీలు చేయదగిన పని

చూపు లేని బాలుడు తల్లి మాట విని లోకమును తెలిసికొనును. వినికిడి లేని బాలుడు తల్లి ముఖము చూచి తెలిసికొనును. ఈ రెండు ద్వారములును మూతపడిన బాలునికి లోకము తన చేయి సాగినంత మేరయే. అట్టి వారిని బధిరాంధ బాలలని పిలుచుచున్నారు. ఇట్టి బిడ్డ ఊరిలో నున్నచో ఆ ఊరి పంచాయతీ చేయగల పని చాల కలదు. జి. కొండూరు వంటి మామిడితోటల గ్రామములను దృష్టియందుంచుకొని ఆ పనిని ఇందు వివరించుచున్నాము.

బధిరాంధుడనగా బొత్తిగా కనబడని, బొత్తిగా వినబడని వాడే యని భావింపరాదు. వీరిలో పెక్కుమందికి కొంత చూపో, కొంత వినికిడియో మిగిలియుండును. వెలుతురును పోల్చువారు, పెద్ద చప్పుడునకు ఉలికిపడువారు, ముఖమునకు జానెడు దూరములోని ఎఱ్ఱని వస్తువును గుర్తించువారు కలరు. ఆ మిగిలినదే విద్యకు పెట్టుబడి. అయితే రెండు లోపములు కలిసినపుడు నష్టము రెండింతలతో ఆగదు. చెవిటివానికి కన్ను చేయు సాయము ఇతనికి లేదు. అంధునికి చెవి చేయు సాయమును లేదు. అందుచేత బధిరుల పాఠశాలలోని పద్ధతి గాని, అంధుల పాఠశాలలోని పద్ధతి గాని ఉన్నదున్నట్లు ఇతనికి పనికిరాదు.

ఇట్టి బిడ్డలు మన ఊళ్లలో లేరనుకొనుట సులభము. 2011 జనాభా లెక్కలలో దేశమున వికలాంగులు సుమారు 2 కోట్ల 68 లక్షల మంది యనియు, వారిలో ఒకటికంటె ఎక్కువ వైకల్యములు గలవారు సుమారు 21 లక్షల మంది యనియు తేలినది. వారిలో బధిరాంధులెందరో ఆ లెక్కలలో విడదీయలేదు. ఊరిలోనైతే అట్టి బిడ్డకు వేరు పేర్లుండును: బుద్ధి ఎదగని పిల్ల, మొద్దు, గాలి సోకిన బిడ్డ. నడక ఆలస్యమగును. పిలిచినను పలుకదు. తాకినచో ఉలికిపడి ఏడ్చును. గంటల తరబడి ఊగుచుండును, వ్రేళ్లతో కన్నులను నొక్కుకొనుచుండును. చూచువారు దానిని బుద్ధిమాంద్యమని తీర్మానింతురు. నిజమునకు బయటినుండి ఏమియు చేరని బిడ్డ తనతో తానే కాలము పుచ్చుచున్నది. కాపు దినములలో తోటలోనే గుడిసె వేసికొని కాపలా యుండు కుటుంబమునందైతే అట్టి బిడ్డ యున్నట్లు ఊరిలో సగము మందికి తెలియకపోవచ్చును. తల్లిదండ్రులు దాచుచున్నారని నిందించుటకు ముందు, వారిని వచ్చి అడిగినవారెవరని విచారించుట మంచిది.

బుద్ధి లేదనుకొన్న చోట బుద్ధి యున్నదని లోకమునకు తెలిపిన ఉదాహరణము హెలెన్ కెల్లరు. 1880 జూన్ 27న అమెరికాలోని అలబామా రాష్ట్రమున టస్కంబియా అను చిన్న పట్టణమున జన్మించిన ఈమె 19 నెలల ప్రాయమున జబ్బుచేసి చూపును, వినికిడిని కోల్పోయెను. 1887 మార్చి 3న ఆన్ సలివన్ అను యువతి ఉపాధ్యాయినిగా ఆ ఇంటికి వచ్చి, బాలిక అరచేతిలో వ్రేళ్ల గుర్తులతో మాటలు కూర్చుచు వచ్చెను. నెల దినములు బాలికకది ఆటగానే తోచెను. ఏప్రిల్ 5న ఒక చేతిపై పంపునీరు పడుచుండగా రెండవ చేతిలో 'నీరు' అను మాట కూర్చినపుడు, ప్రతి వస్తువునకు ఒక పేరున్నదని ఆమెకు స్ఫురించెను. 1904లో ఆమె రాడ్‌క్లిఫ్ కళాశాలలో పట్టము పొందెను. 1955లో మన దేశమును కూడ దర్శించెను.

ఈ కథ చెప్పువారు సాధారణముగా హెలెన్ ప్రతిభను మెచ్చుకొని ఊరకుందురు. మాకు ముఖ్యముగా తోచినది వేరు. ఒకే మనిషి, ఒకే ఇంట, ప్రతిదినము, విసుగులేక ఆమె చేయి పట్టుకొనెను. ఆ మనిషి దానంతట వచ్చినది కాదు. బాలిక తండ్రి విచారించి, బోస్టను నగరమందలి పర్కిన్సు అంధుల పాఠశాలకు లేఖ వ్రాసినందున వచ్చినది. తోట కాపలాదారునకు ఎవరికి వ్రాయవలెనో తెలియదు. మన గ్రామములలో ఆ విచారణ, ఆ లేఖ పంచాయతీ వంతు కావలెను.

మొదట, ఈ దుస్థితి ఎట్లు కలుగునో తెలిసియుండవలెను. గర్భము ధరించిన తొలి మాసములలో తల్లికి రుబెల్లా అను వ్యాధి సోకినచో బిడ్డ కంటిలో శుక్లముతో, చెవుడుతో, గుండె లోపముతో పుట్టవచ్చును. ఈ సంబంధమును 1941లో ఆస్ట్రేలియా కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించెను. 1964–65 సంవత్సరములలో అమెరికాలో ఈ వ్యాధి ప్రబలి సుమారు 20,000 మంది శిశువులు లోపములతో పుట్టిరి. తల్లికి వచ్చునది స్వల్పజ్వరము, కొద్దిపాటి ఎఱ్ఱని దద్దురు మాత్రమే. కొలది దినములలో పోవును, ఎవరికిని గుర్తుండదు. మన రాష్ట్రమున 2017 ఆగస్టులో తట్టు–రుబెల్లా టీకాల కార్యక్రమము పెద్దయెత్తున జరిగినది. ఈ టీకాను బిడ్డకు 9 నుండి 12 నెలల మధ్య ఒకసారియు, 16 నుండి 24 నెలల మధ్య రెండవసారియు వేయుచున్నారు. కాపు వెంట తోట నుండి తోటకు తిరుగు కుటుంబములలో రెండవ టీకా తప్పిపోకుండ చూడవలసియున్నది.

రెండవ కారణము మన ఇండ్లలోనిది. అషర్ అను వంశపారంపర్య వ్యాధి కలదు. బిడ్డ పుట్టుకనుండియే చెవుడుతో నుండును. తరువాత, తరచుగా పదేండ్ల ప్రాయమున, రేచీకటి కనబడును. పిమ్మట చూపు అంచులనుండి కుంచించుకొనిపోవును. తల్లిదండ్రులిద్దరినుండియు ఒకే లోపము సంక్రమించినపుడే ఇది బయటపడును. కావున మేనరికములలో దీని అవకాశము హెచ్చు. గ్రామసభలో మేనరికము మాట ఎత్తినచో పెద్దలు నొచ్చుకొనవచ్చును. అయినను చెప్పక తప్పదు. దీనికంటె వెంటనే పనికివచ్చు సంగతి మరొకటి కలదు. చెవిటి బాలుడు ప్రొద్దుగూకిన పిదప తడబడుచున్నను, గడపలకు తట్టుకొనుచున్నను కంటివైద్యునికి చూపవలెను. చూపు మిగిలియున్న దినములలోనే స్పర్శతో చదువుట నేర్పినచో అతని విద్య ఆగిపోదు. తెలుగును కూడ చేర్చుకొన్న భారతి బ్రెయిలు లిపి 1951 నుండి మన దేశమున అమలులో నున్నది.

ఇక విద్యా విధానము. దీనికి పెద్ద సామగ్రి అక్కరలేదు, ఓర్పు కావలెను. బిడ్డ చేతిని పట్టి లాగరాదు. మన చేతిని బిడ్డ చేతి క్రింద నుంచి వస్తువు వద్దకు తీసికొనిపోవలెను. పైనుండి పట్టుకొన్నచో బిడ్డ భయపడును. క్రిందనుండి ఆనుకొన్నచో ఇచ్చ వచ్చినపుడు చేయి తీసికొనగలదు గనుక నమ్మిక కుదురును. ఇంటిలో ప్రతి మనిషికి ఒక గుర్తు ఉండవలెను: తల్లి తన గాజులను తాకించును, తాత తన గడ్డమును తాకించును. చెప్పకుండ ఎత్తుకొనుట, చెప్పకుండ వదలిపోవుట కూడదు. జరుగబోవు ప్రతి పనికి ఒక వస్తువును ముందుగా చేతికీయవలెను. గరిటె యనగా అన్నము. తువ్వాలు యనగా స్నానము. త్రాటి ముక్క యనగా ఉయ్యాల. ఈ వస్తువులను గళ్లుగల పెట్టెలో వరుసగా నుంచి, పని ముగిసినది పక్క బుట్టలో వేయించినచో బిడ్డకు 'తరువాత' అను భావము కలుగును. రేపు అన్నది ఒకటి కలదని తెలియని బిడ్డకు ఇది పెద్ద చదువే. హాలండు దేశమున యాన్ వాన్ డైక్ అను విద్యావేత్త ఇట్టి పద్ధతిని పెంపొందించెను. మనకు అంత దూరము పోనక్కరలేదు. తెల్ల పొణికి కొయ్యతో బొమ్మలు చేయు కొండపల్లి పనివారు జి. కొండూరునకు పొరుగువారే. గళ్లపెట్టె వారికొక పని కాదు.

తోటయును బడియే. కలెక్టరు కాయకు కొన ముక్కువలె వంగియుండును. బంగినపల్లి నున్నగా, బరువుగా నుండును. చిన్నరసము పసిచేతిలో ఒదుగును. పచ్చికాయకును పండునకును గల భేదము ముక్కు చెప్పును. పూత వాసన, తొలకరి మట్టి వాసన, ముగ్గిన కాయల కావు వాసన ఈ బిడ్డకు ఋతువుల పేర్లు కాగలవు. ఇట్లు కాయలను పోల్చి వేరుచేయ నేర్చినవాడు పెద్దవాడైన పిదప షెడ్డులో కాయలను పరిమాణము చొప్పున వేరుచేయు పనిలో కుదురుకొనవచ్చును. చదువు మాన్పించి కూలికి పంపుటకు దీనిని సాకుగా చేయరాదు.

చట్టము ఈ బిడ్డ పక్షమున నున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టమున గుర్తింపబడిన 21 వైకల్యములలో బహుళ వైకల్యము ఒకటి. బధిరాంధత్వము అందులో పేరెత్తి చేర్చబడినది. 40 శాతము, అంతకు మించి వైకల్యము గల బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. బడికి రాలేని తీవ్ర వైకల్యము గల బిడ్డకు ఇంటివద్దనే విద్య పొందు హక్కును విద్యాహక్కు చట్టమునకు 2012లో చేసిన సవరణ ఇచ్చినది. ఈ పనికై సమగ్ర శిక్ష క్రింద మండలములలో భవిత కేంద్రములు, ప్రత్యేక ఉపాధ్యాయులు కలరు. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో విద్యయు, వికలాంగుల సంక్షేమమును చేరియున్నవి. కావున మండల విద్యాధికారిని అడుగుట పంచాయతీకి అనధికార ప్రసంగము కాదు.

సదరం ధ్రువపత్రము విషయమున మెలకువ కావలెను. కంటిని ఒక వైద్యుడు, చెవిని మరొక వైద్యుడు పరీక్షింతురు. పత్రమున ఒక్క చెవుడో, ఒక్క అంధత్వమో వ్రాసి విడువకుండ రెండును చేర్చి బహుళ వైకల్యముగా నమోదు చేయింపవలెను. కుటుంబము వెంట వార్డు సభ్యుడొకడు పోవుట మేలు. రాష్ట్రమున వికలాంగుల పింఛను 2024లో నెలకు 3,000 రూపాయల నుండి 6,000 రూపాయలకు పెంపబడినది. 1999 జాతీయ ట్రస్టు చట్టము క్రింద బహుళ వైకల్యము గలవారికి నిరామయ అను ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు కలదు. ఉపాధ్యాయులకు శిక్షణ కావలసినచో చెన్నై సమీపమున ముట్టుకాడులో 2005లో ఏర్పడిన బహుళ వికలాంగుల జాతీయ సంస్థ కలదు. బొంబాయిలో 1977లో స్థాపింపబడిన హెలెన్ కెల్లర్ సంస్థయు, అహమ్మదాబాదులో 1997 నుండి పనిచేయుచున్న సెన్స్ ఇండియాయు ఈ బాలలకై ఏర్పడినవే. లేఖ వ్రాయుటకు ఇవి చిరునామాలు.

తల్లిని గూర్చి చెప్పవలసినది మిగిలియున్నది. ఈ బిడ్డ గల తల్లి ఉపాధిహామీ పనికి పోలేదు, పెండ్లికి పోలేదు, నిశ్చింతగా నిద్రపోలేదు. బిడ్డ ఇట్లు పుట్టుటకు ఆమెయే కారణమని అత్తవారనుట కూడ కలదు. ఊరు ఆమెకీయగల మొదటి సాయము దినమునకు రెండు గంటల విరామము. పొదుపు సంఘములోని ఒకరిద్దరు స్త్రీలు బిడ్డ గుర్తులను నేర్చుకొని, తమ తమ గుర్తులను బిడ్డకు నేర్పి, వంతులవారీగా కూర్చుండవచ్చును. రోజుకొక క్రొత్త మనిషిని పంపరాదు, బిడ్డ బెదరును. అంగన్‌వాడీలలో వికలాంగ శిశువులను చేర్చుకొను విధానమును కేంద్రప్రభుత్వము 2023 నవంబరులో ప్రకటించినది గనుక కార్యకర్తయు ఈ పనిలో చేరవలెను. ఇంటినుండి మరుగుదొడ్డి వరకు నడుమెత్తున ఒక తాడు కట్టించుట అల్పవ్యయము. ఆ త్రాటిని పట్టుకొని పదేండ్ల పిల్ల ఒంటరిగా పోయి వచ్చినచో ఆ ఇంట కలుగు మార్పు అల్పము కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు చదువు మానుకొని కాపలా యుండుచున్నారేమో కూడ విచారింపవలెను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి గండ్లు పడినపుడు వెలగలేరు మొదలు బెజవాడ వరకు జనము పడిన పాట్లు ఈ ప్రాంతపు వారికి తెలిసినవే. దండోరా వినబడని, నీరు కనబడని బిడ్డ ఏ ఇంట నున్నదో, ఆ బిడ్డను ఎవరు ఎత్తుకొనవలెనో, ఎత్తుకొనునపుడు ఏ గుర్తు తాకించవలెనో పంచాయతీ కార్యాలయమున ముందుగా వ్రాసి యుంచవలెను. తోట గుడిసెలను కూడ ఆ పట్టికలో చేర్చి, కాపు మొదలైనపుడు ఒకసారి, ముగిసినపుడు ఒకసారి దానిని సరిచూచుకొనవలెను.