బాలింత మనస్సును కూడ పరామర్శించండి

కాన్పు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు మనము అడిగే ప్రశ్నలు సాధారణంగా మూడు. బాబా, పాపా? బరువెంత? పాలు పడ్డాయా? తల్లిని గూర్చి అడిగితే, కుట్లు మానాయా అని అడుగుతాము. "అమ్మా, నీ మనస్సు ఎలా ఉన్నది?" అని అడిగేవారు అరుదు. ఈ పాఠము ఆ నాలుగవ ప్రశ్నను గూర్చినది.

రోజులు లెక్కపెట్టండి

కాన్పు తరువాత కలిగే మార్పులన్నీ ఒకే విధమైనవి కావు. ముఖ్యముగా మూడు రకములున్నవి.

మొదటిది, కాన్పైన రెండు మూడు రోజులకు మొదలవుతుంది. కారణము లేకుండా ఏడుపు వస్తుంది. చిరాకు, భయము కలుగుతాయి. సగము మందికి పైగా తల్లులలో ఇది కనిపిస్తుంది. గర్భము నిలబెట్టిన హార్మోనులు మాయ పడిన తరువాత కొద్ది రోజులలోనే బాగా తగ్గిపోతాయి. దానికి నొప్పి, నిద్రలేమి తోడవుతాయి. దీనికి మందు అవసరము లేదు. నిద్ర, వేళకు భోజనము, మంచి మాట చాలు. రెండు వారములలోపు తగ్గిపోతుంది.

రెండవది, రెండు వారములు దాటినా తగ్గనిది. లేదా కొన్ని నెలల తరువాత మొదలయ్యేది. బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టదు. ఊపిరి ఆడుతున్నదో లేదో అని లేచి లేచి చూస్తుంది. గుండె దడ, ఆకలి లేకపోవడము, దేనిమీదను ఆసక్తి లేకపోవడము ఉంటాయి. "బిడ్డమీద ప్రేమ కలగడము లేదు, నేను చెడ్డ తల్లిని" అని లోలోపల కుమిలిపోతుంది. ఇది కుంగుబాటు, ఆందోళన అనే వ్యాధి. గోవాలో జరిపి 2002లో ప్రచురించిన ఒక పరిశీలనలో, కాన్పైన 6 నుండి 8 వారములకు 23 శాతము తల్లులలో కుంగుబాటు కనిపించినది. పేదరికము, భర్తతో సఖ్యత లేకపోవడము దీనికి ముఖ్య కారణములలో ఉన్నవని అందులో తేలినది. గనుక ఇది తల్లి ఒక్కతె సమస్య కాదు, ఇంటి సమస్య.

మూడవది అరుదైనది, వెయ్యిమందిలో ఒకరిద్దరికి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారములలోనే మొదలవుతుంది. రాత్రింబగళ్లు నిద్ర ఉండదు. పొంతన లేని మాటలు, లేని స్వరములు వినబడడము, ఇంటివారిమీద అనుమానము కనిపిస్తాయి. ఇటువంటప్పుడు తెల్లవారనిమ్మని ఆగవద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసికొని వెళ్లాలి. తల్లిని గాని, బిడ్డను గాని ఒంటరిగా విడువరాదు. ఏ తల్లి అయినా చచ్చిపోవాలనిపిస్తున్నదని చెప్పినా ఇంతే త్వరపడాలి.

పుట్టింటినుండి తిరిగి వచ్చిన నెల

మన కుటుంబములలో తొలి కాన్పు పుట్టింట జరగడము వాడుక. అక్కడ తల్లి, పిన్ని, అక్క ఉంటారు. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డను ఎత్తుకొని ఆ అమ్మాయి భివండికో, షోలాపూర్‌కో, బెంగళూరుకో తిరిగి వస్తుంది. అక్కడ ఒక్క గది ఇల్లు. భర్త పనికి పోతాడు. ఆంధ్రనుండి కోడలుగా వచ్చినదైతే ఆసుపత్రిలో నర్సు మాట కూడ పూర్తిగా అర్థము కాదు. సాయము చేసే చేతులు ఒక్కసారిగా తగ్గిపోయే సమయము ఇదే. కావున కాన్పైన వారములో ఒకసారి చూసి వస్తే సరిపోదు. తిరిగి వచ్చిన నెలలో మరల వెళ్లాలి.

అనకూడని మాటలు

"మేము కనలేదా, పెంచలేదా?" "ఆడపిల్ల పుట్టినదని ఏడుస్తున్నది." "ఏదో గాలి సోకినది." "విశ్వాసము చాలక ఇలా అయినది." ఈ మాటలు విన్న తల్లి మరల నోరు తెరవదు. ఏలీయా చచ్చిపోవాలని కోరుకొని చెట్టుక్రింద పడుకొన్నప్పుడు దేవుని దూత అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. రెండవసారి కూడ అలాగే చేశాడు. ప్రార్థన చేయండి, దానితోపాటు అన్నము పెట్టండి, డాక్టరు దగ్గరకు తీసికొని వెళ్లండి.

చేయవలసినవి

1. రాత్రి పాలిచ్చిన తరువాత బిడ్డను భర్త గాని, అత్తగారు గాని ఎత్తుకొని, తల్లిని నాలుగైదు గంటలు వరుసగా నిద్రపోనివ్వాలి.

2. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఈ రెండింటివలన కూడ నీరసము, దిగులు కలుగుతాయి.

3. రెండు వారములు దాటితే డాక్టరుకు చూపించాలి. 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలే ఉన్నవి. వాటి జవాబులనుబట్టి ఏ తల్లిని మరింత పరీక్షించాలో తెలుస్తుంది. మాటలతో చేసే చికిత్స ఉన్నది. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు కూడ ఉన్నవి. డాక్టరును అడగకుండా మందు మానవద్దు, పాలు మాన్పించవద్దు.

4. 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. ఇది 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఖర్చు లేదు, రాత్రింబగళ్లు పని చేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చును. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో తల్లినీ బిడ్డనూ విడదీయక కలిపి ఉంచి వైద్యము చేసే విభాగము 2009లో ఏర్పడినది.

చికిత్స దొరికితే ఈ తల్లులలో అత్యధికులు బాగుపడతారు. ఆలస్యమైతే బాధ తల్లితో ఆగదు, బిడ్డ ఎదుగుదలమీద కూడ పడుతుంది.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఈ సంవత్సరము కాన్పైన తల్లులెవరు? వారిలో పుట్టింటినుండి తిరిగి వచ్చినవారిని ఎవరు చూసి వచ్చారు?

2. పురుషులకు ప్రత్యేకముగా: రాత్రివేళ బిడ్డ ఏడిస్తే మీ ఇంట లేచేది ఎవరు?

3. వచ్చే వారము ఏ ఇంటికి, ఎవరు అన్నము తీసికొని వెళ్తారు? పేర్లు వ్రాసికొనండి.