బూజు కాని బూజు: నీటివలన వచ్చు కంటిపుండు

చెరువులు నిండి నాట్లు సాగు దినములలో, కన్ను ఎఱ్ఱబడి నీరు కారుచు వెలుతురు చూడలేని రైతును పంచాయతీ సభ్యులు చూచియే యుందురు. బురదనీరు చిందినదనియో, గడ్డిపరక తగిలినదనియో ఆతడు చెప్పును. కొలది దినములలో నల్లగ్రుడ్డుపై తెల్లని మచ్చ యేర్పడును. ఇట్టి పుండ్లలో పెక్కు బాక్టీరియావలన గాని నిజమైన బూజువలన గాని కలుగును. ఏ కొన్నియో మాత్రము బూజువలె కనబడుచు బూజు కాని యొక జీవివలన కలుగుచున్నవి. దాని పేరు పిథియం ఇన్‌సిడియోసమ్. 1987లో శాస్త్రజ్ఞులు పెట్టిన ఈ పేరులో రెండవ మాటకు పొంచియుండి మోసగించునది యని యర్థము. పేరు తగినట్లే యున్నది.

దీని దాయాదులను మన రైతులు బాగుగ నెఱుగుదురు. మిరప, పొగాకు నారుమళ్ళలో లేతమొక్కల మొదళ్ళు మెత్తబడి నేలకొరగు నారుకుళ్ళు తెగులు పిథియం జాతి పనియే. 1845లో ఐర్లండు దేశమున బంగాళదుంప పంటను పాడుచేసి కఱవు తెచ్చిన తెగులును ఈ తరగతిలోనిదే. పూర్వము వీనిని బూజులలో లెక్కించిరి. ఇవి గోధుమరంగు సముద్రపు నాచులకు చుట్టములని తరువాత తేలినది.

ఈ చుట్టరికముతో మనకేమి పని యని కొందఱడుగవచ్చును. మందు విషయమంతయు దానిపైననే ఆధారపడి యున్నది. నిజమైన బూజు కణపు పొరలో ఎర్గోస్టెరాల్ అను పదార్థముండును. నాటమైసిన్ అను కంటిమందు దానినే పట్టుకొని పనిచేయును. పిథియం పొరలో ఆ పదార్థము లేనట్లే. కనుక మందునకు పట్టు చిక్కదు. రోగి చుక్కలు వేసికొనుచునే యుండును, పుండు పెరుగుచునే యుండును.

నీటిలో ఇది రెండు తోకలు గల సూక్ష్మ చరబీజములను విడుచును. అవి ఈదుచు పోయి నానిన ఆకులకో, పశువుల గాయములకో, ఒరసికొనిన కంటిపొరకో అంటుకొని మొలకెత్తును. రోగనిర్ణయమునకు ఈ గుణమే తోడ్పడుచున్నది. హైదరాబాదు బంజారాహిల్సులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ వ్యాధిపై విశేషముగా కృషి చేసినది. పుండు అంచును గీకి సూక్ష్మదర్శినితో చూచినపుడు అడ్డుగోడలు తక్కువగా గల వెడల్పాటి పోగులు కనబడును. ఇవి బూజుపోగులను పోలియుండుటచే అనుభవము లేనివారు పొరబడుదురు. అందుచే ఆ జీవిని ప్రయోగశాలలో పెంచి, దానిపై గడ్డిపరకలు పరచి, అవి అంటుకొన్న పిదప లవణములు కలిపిన నీటిలో వేసి వెచ్చగా నుంచుదురు. కొన్ని గంటలలో చరబీజములు ఈదుచు బయలుదేరినచో సందేహము తీరును. డి.ఎన్.ఏ. పరీక్షయు కలదు. ఇంత సూక్ష్మమైన వ్యాధిని ఒక గడ్డిపరక పట్టి యిచ్చుట మాకు వింతగా తోచినది.

బాక్టీరియాకై తయారైన లినజోలిడ్, అజిత్రోమైసిన్ మందులు దీనికి ఉపకరించుచున్నవని ఆ సంస్థ వైద్యులు 2018లో ప్రకటించిరి. అయినను ఆలస్యముగా వచ్చిన వారికి నల్లగ్రుడ్డు పొరను మార్చవలసి వచ్చును. పుండు తెల్లగ్రుడ్డునకు ప్రాకినచో కన్నునే తీసివేయవలసిన దుర్గతి కలుగవచ్చును.

ఇది పొలములవారికే వచ్చునని తలపరాదు. మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురము ఒకనాడు గ్రామములే. 1998లో సైబర్ టవర్సు వెలసిన పిదప హైటెక్ సిటీగా మారిన ఆ ప్రాంతమున మీ గ్రామముల బిడ్డలెందఱో ఉద్యోగములు చేయుచున్నారు. కంటిలో కాంటాక్టు లెన్సులు పెట్టుకొనువారు వానిని కుళాయి నీటితో కడుగుటయు, వానితోనే ఈతకు దిగుటయు ఈ జీవికి ద్వారము తెఱచుటయే.

కన్ను ఎఱ్ఱబడినవారికి ఆకుపసరు, తల్లిపాలు పోయనీయకుడు. దుకాణములో నడిగి తెచ్చిన స్టెరాయిడు చుక్కలు అంతకన్న హానికరము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపునపుడు, నీరు గాని బురద గాని కంటబడిన సంగతి డాక్టరుతో చెప్పుమని రోగికి తెలుపుడు. బూజుమందు వాడినను వారము దినములలో గుణము కనబడనిచో నల్లగ్రుడ్డు వ్యాధులను చూచు పెద్ద ఆసుపత్రికి పంపవలెను.

మార్చుటకు పొర కావలెనన్న ఎవరో ఒకరు మరణానంతరము కన్నులు ఇచ్చియుండవలెను. గ్రామమున ఎవరైన మరణించినపుడు, బంధువులు సమ్మతించినచో, ఆరు గంటలలోపల నేత్రనిధికి కబురు చేయవలెను. వారు వచ్చువఱకు మృతుని కనురెప్పలు మూసి తడిదూది యుంచి, తల క్రింద దిండు పెట్టి, పంకా ఆపివేయవలెను.