తెలుగు మాటకు పొడవెంత?

3 అడుగుల బల్లను అంగుళములతో కొలిచినచో 36 అని వచ్చును. బల్ల పెరుగలేదు, కొలబద్ద మారినది. వెబ్‌పుటలలో మాటల పొడవును గూర్చి చెప్పబోవుచు మేము ముందుగా ఈ సంగతిని జ్ఞప్తి చేయుచున్నాము.

శుభలేఖలో పేరు కొఱకు ఖాళీ విడిచి తక్కినది అచ్చు వేయింతురు గదా. వెబ్‌పుటకును అట్టి ఖాళీలతో గూడిన మూస గలదు. దానిని టెంప్లేటందురు. ఖాళీలో చేరవలసినది ఒక మాట యైన స్ట్రింగనియు, పెక్కు వస్తువుల వరుస యైన లిస్టనియు పిలుతురు. జాంగో, జింజా, ట్విగ్ అను టెంప్లేటు భాషలలో వాని పేరు ప్రక్కన నిలువు గీత గీసి లెంగ్త్ అని వ్రాసిన చాలును, పొడవు తెలియును. ఫ్రీమార్కరులో మాత్రము స్ట్రింగునకు లెంగ్త్, లిస్టునకు సైజ్ అని వేఱువేఱు మాటలు గలవు. ఈ పద్ధతియే మాకు మేలుగా తోచుచున్నది. ఏల యనగా లిస్టును లెక్కించుట సులభము, మాటను లెక్కించుట సులభము కాదు.

తెలుగు అను మాటలో ఛందస్సు చదివిన బాలుడు 3 అక్షరములు చెప్పును. జింజా 6 అని చెప్పును. యూనికోడు నందు హల్లునకు ఒక సంకేతము, గుణింతపు గుర్తునకు వేఱొక సంకేతము, పొల్లునకు మఱియొకటి ఉండుటయే కారణము. స్త్రీ అను మాట ఒకే అక్షరము. కాని స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము కలిసి దానికిని 6 సంకేతములే. యుటిఎఫ్-8 లో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు కావలెను. కనుక బైట్లను లెక్కించు పి.హెచ్.పి. వారి స్ట్రెలెన్ ఈ రెండు మాటలకును 18 అని చెప్పును.

ఇది వట్టి వినోదము కాదు. పేరు 10 సంకేతములకు మించరాదని ఒక ప్రవేశపత్రపు పుటలో నియమముంచిరి అనుకొందము. రాజ్యలక్ష్మికి అక్షరములు 4, సంకేతములు 12. టెంప్లేటు పదింటి వద్ద ఖండించినచో "రాజ్యలక్ష్" అని పొల్లుతో మిగులును. హోసూరులోను, బళ్ళారిలోను, బరంపురములోను తెలుగు పిల్లల పేర్లు ఇతర భాషల అధికారుల చేతులలో మారుట క్రొత్త గాదు. ఇచ్చట యంత్రమే ఆ పని చేయును. కన్నడ, ఒడియా లిపులకును ఇదే గతి.

దీనికి ఉపాయము టెంప్లేటులో వెదకరాదు. మాటను టెంప్లేటునకు అందించు ప్రోగ్రామే అక్షరములను లెక్కించి ఆ అంకెను ఇయ్యవలెను. యూనికోడు వారి విభజన సూత్రములు మునుపు తెలుగు సంయుక్తాక్షరములను పొల్లు వద్ద విడదీయుచుండెడివి. ఆ లెక్కన రాజ్యలక్ష్మి 7 ముక్కలు. 2023 లో వెలువడిన 15.1 కూర్పు వానిని కలిపి ఉంచినది. పాత కూర్పుపై నడచు యంత్రములు నేటికిని 7 అనియే చెప్పును.

లిస్టుల విషయమున ఒక్క మాట. జాంగోలో డేటాబేసు వరుసకు లెంగ్త్ అడిగినచో అన్ని వరుసలను తెచ్చి లెక్కించును. ఆ వరుసలను పుటలో ఎటులను చూపవలసి యున్నచో నష్టము లేదు. సంఖ్య మాత్రమే కావలసినచో కౌంట్ అడుగవలెను. అపుడు డేటాబేసే లెక్కించి అంకెను పంపును.

అభ్యాసము: జ్యోత్స్న అను పేరునకు అక్షరములు 2, సంకేతములు 9. ఆ తొమ్మిదింటిని వరుసగా వ్రాయుడు, బైట్లెన్నియో చెప్పుడు.