మన హాస్టల్ మేడ మీది యాంటెన్నా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది పుస్తకం కాదు, మన హాస్టల్ మేడ. మేము ఆరో తరగతిలో చేరిన రోజుల్లో హాల్లో ఒక టీవీ ఉండేది. డిష్ రీచార్జి అయిపోయి తెర నల్లబడినప్పుడల్లా మేడ మీద ఇనుప గొట్టానికి బిగించిన అల్యూమినియం కడ్డీల యాంటెన్నాయే మనకు దిక్కు. క్రికెట్ మ్యాచ్ రోజున ఒకడు పైన గొట్టం తిప్పేవాడు, ఒకడు మెట్ల మీద నిలబడి మాట అందించేవాడు, మిగతా అందరం టీవీ ముందు. "వచ్చిందా?" "రాలా!" "ఇప్పుడో?" "వచ్చింది వచ్చింది... పోయిందిరా, వెనక్కి తిప్పు!" ఈ గోల వినని బ్యాచ్ ఆ రోజుల్లో లేదు. మన సీనియర్ అన్నలకైతే ఇంకా బాగా గుర్తుంటుంది.

తరువాత ఏళ్లు గడిచాయి. డిగ్రీ చివరి సంవత్సరం ప్రాక్టికల్స్ వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు తెల్లకాగితం మీద ఒక నిలువు గీత, దానికి అడ్డంగా ఆరేడు గీతలు గీసి "ఇదేమిటి?" అని అడిగారు. మేము ధైర్యంగా "టీవీ కడ్డీలండీ" అన్నాం. ల్యాబులో అందరూ నవ్వారు. దాన్ని యాగీ-ఉడా యాంటెన్నా అంటారని అప్పుడే తెలిసింది. వందసార్లు చేత్తో పట్టుకుని తిప్పిన వస్తువు పేరు మాకు తెలియదు! మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో మేమే మొదటివాళ్లం కనుక ముందుగా చెప్పేవారు కూడా ఎవరూ లేరు. ఆ రోజు పోయిన మార్కుల సంగతి అటుంచి, మన తమ్ముళ్లు ఎవరికీ ఆ అవస్థ రాకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా ఒక చిన్న లెక్క. రేడియో, టీవీ, సెల్‌ఫోన్, వెలుతురు – ఇవన్నీ విద్యుదయస్కాంత తరంగాలే. తేడా అంతా పౌనఃపున్యంలోనే. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తే అంత పౌనఃపున్యం. ఒక కంపనానికి తరంగం ఎంత దూరం సాగితే అది తరంగదైర్ఘ్యం. 300ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 200 మెగాహెర్ట్జ్ టీవీ తరంగం మీటరున్నర పొడవు. అదే 60,000 మెగాహెర్ట్జ్, అంటే 60 గిగాహెర్ట్జ్ అయితే 5 మిల్లీమీటర్లు, ఇంచుమించు ఒక శనగగింజంత. ఈ ఒక్క లెక్క తెలిస్తే యాంటెన్నాల శాస్త్రంలో సగం తెలిసినట్టే. ఎందుకంటే యాంటెన్నా కొలతలన్నీ తరంగం పొడవును బట్టే ఉంటాయి.

ఈ తరంగాలు నిజంగా ఉన్నాయని ప్రయోగంలో చూపినవాడు జర్మనీకి చెందిన హెయిన్‌రిచ్ హెర్ట్జ్. వెలుగులాగే ఇవి కూడా పట్టకంలో వంగుతాయని 1888లో నిరూపించడానికి ఆయన తారుతో పట్టకం పోయించవలసి వచ్చింది. దాని బరువు అరటన్నుకు పైమాటే. తరంగం పొడుగైతే పరికరం కూడా పెద్దది కావలసిందే మరి.

ఇక్కడే మన దేశస్థుడు జగదీశ్ చంద్ర బోస్ వస్తారు. పరికరం పెంచడం కాదు, తరంగాన్నే కుదిస్తే సరి అనుకున్నారు. 1894లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో, స్నానాలగదిని ఆనుకుని ఉన్న ఒక ఇరుకు గదిలో ఆయన ప్రయోగాలు మొదలయ్యాయి. కాలేజీలో సరైన ప్రయోగశాల లేదు. చదువురాని ఒక రేకుల పనివాడికి తానే పని నేర్పించి పరికరాలు చేయించుకున్నారు. ఆ రేకు పెట్టెల్లోంచి ఆయన పుట్టించిన తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా, అంటే 60 గిగాహెర్ట్జ్ వరకు. 1895లో కలకత్తాలో అందరి ముందూ ఈ కంటికి కనపడని తరంగాలతో దూరంగా ఉన్న గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించారు.

బోస్ గారి పరికరాల్లో మాకు అన్నింటికంటే నచ్చింది రైల్వే టైంటేబుల్ పుస్తకం. తమాషా కాదు, నిజమే. తరంగంలో విద్యుత్ కంపనం ఒకే దిశలో ఉండటాన్ని ధ్రువణం అంటారని మనం చదువుకున్నాం. దాన్ని పరీక్షించడానికి ఆయన బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ తీసుకుని పేజీల మధ్య పలుచని తగరపు రేకులు పెట్టారు. కంపనం రేకులకు సమాంతరంగా ఉంటే ఆ రేకుల్లో విద్యుత్తు కదిలి తరంగం ఆగిపోతుంది. లంబంగా ఉంటే పేజీల సందుల్లోంచి దూరి బయటపడుతుంది. పుస్తకాన్ని తొంభై డిగ్రీలు తిప్పితే చాలు, ఉన్న సిగ్నల్ పోతుంది. మరో ప్రయోగానికి జనపనార వాడారు. నారను కుడివైపు మెలిపెట్టిన కట్టల గుండా తరంగం పంపితే ధ్రువణ దిశ ఒక వైపుకు తిరిగింది, ఎడమవైపు మెలిపెడితే రెండోవైపుకు తిరిగింది. చక్కెర ద్రావణం వెలుగును ఎందుకు తిప్పుతుందో అర్థం కావడానికి ఇది ఒక పెద్ద నమూనా అన్నమాట. 1898లో ప్రచురించిన ఈ పనిని, కృత్రిమ పదార్థాలతో యాంటెన్నాలు చేసే పరిశోధకులు ఇప్పటికీ తలచుకుంటారు. 'మా స్కూల్లో ల్యాబ్ లేదు' అని మేము చాలాసార్లు అనుకున్నాం. లేకపోవడం తప్పే, ఆ మాట అడగాల్సిన చోట అడగాల్సిందే. కానీ నార, పుస్తకం, రేకు మాత్రం మన దగ్గర కూడా ఉన్నాయి.

ఆయన వాడిన మరొక వస్తువు గరాటు. తరంగాన్ని పట్టుకునే గొట్టం ముందు వెడల్పాటి రేకు గరాటు పెట్టారు. నేటి హారన్ యాంటెన్నా అదే. తరంగం గొట్టంలోంచి ఒక్కసారిగా ఆరుబయటికి వచ్చే చోట కొంత భాగం వెనక్కి కొట్టుకుపోతుంది. గొట్టాన్ని క్రమంగా వెడల్పు చేస్తే ఆ నష్టం తగ్గుతుంది, పైగా తరంగం ఒక వైపుకే నేరుగా సాగుతుంది. సన్నాయి చివర, గుడి మీద మైకుకు విప్పారిన నోరు ఉండేది ఇందుకే. దీన్ని ప్రపంచం మరచిపోయి 1930లలో అమెరికాలో మళ్లీ కనిపెట్టుకుంది. అలాంటి పెద్ద హారన్‌తోనే 1964-65లో పెన్‌జియాస్, విల్సన్ అనే ఇద్దరు విశ్వం పుట్టుక నాటి మిగులు తరంగాలను విన్నారు, 1978లో నోబెల్ అందుకున్నారు.

ఉపన్యాస పోటీల్లో మనవాళ్లు "రేడియోను బోస్ కనిపెడితే మార్కోనీ దొంగిలించాడు" అని బల్ల గుద్ది చెబుతుంటారు. చప్పట్లు బాగానే పడతాయి, మేము కూడా తొమ్మిదో తరగతిలో అలాగే చెప్పి రెండో బహుమతి కొట్టాం. అయితే చదివిన మీదట మాకు అనిపించేది వేరు. మార్కోనీ పొడవు తరంగాలతో దూరానికి వార్త పంపడం మీద పడ్డారు, 1901 డిసెంబరులో అట్లాంటిక్ దాటించారు. బోస్ పొట్టి తరంగాల స్వభావం తెలుసుకోవడం మీద పడ్డారు. మార్కోనీ ఆనాడు వాడిన పాదరసపు గ్రాహకానికి 1899లో బోస్ ప్రచురించిన పని మూలమని వాదించేవారు ఉన్నారు, ఆ వాదనలో బలం కూడా ఉంది. బోస్ మాత్రం పేటెంట్ల వెంట పడే మనిషి కాదు. మిత్రుల ఒత్తిడి మీద గెలీనా స్ఫటికంతో చేసిన గ్రాహకానికి దరఖాస్తు పెడితే 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. దాన్నీ ఆయన పట్టించుకోలేదు. అర్ధవాహకాన్ని పనిలో పెట్టిన తొలి పేటెంట్లలో అది ఒకటి.

ఆయన గురించి మరో రెండు సంగతులు చెప్పకుండా ముందుకు వెళ్లలేం. 1885లో ఉద్యోగంలో చేరినప్పుడు, భారతీయుడు కనుక తెల్ల అధ్యాపకుల కంటే తక్కువ జీతం ఇస్తామన్నారు. ఆయన పాఠాలు మానలేదు, జీతం ముట్టుకోలేదు. అలా మూడేళ్లు. చివరికి పూర్తి జీతం పాత బాకీతో సహా ఇచ్చారు. ఇంట్లో అప్పులుండగా మూడేళ్లు జీతం లేకుండా ఉండటమంటే ఏమిటో, స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఎలా ఉంటుందో తెలిసిన మనకు వేరే చెప్పక్కర్లేదు. రెండోది ఆయన బాల్యం. తండ్రి పెద్ద ఉద్యోగి అయినా ఇంగ్లీషు బడికి పంపకుండా ముందు బెంగాలీ బడిలో వేశారు. అక్కడ ఆయనకు ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం నౌకరు కొడుకు, మరో పక్క జాలరి కొడుకు కూర్చునేవారట. ఇంటికి వెంట తీసుకువెళితే తల్లి అందరికీ తేడా లేకుండా అన్నం పెట్టేదనీ, అందుకే తక్కువ కులమనే భావమే తనకు అంటలేదనీ ఆయన 1915లో ఒక సభలో చెప్పుకున్నారు.

ఇక మన మేడ ఎక్కుదాం. 1926లో జపాన్‌లోని సెండాయ్ నగరం, తొహొకు విశ్వవిద్యాలయం. హిదెత్సుగు యాగీ ఆచార్యుడు, షింతారో ఉడా ఆయన దగ్గర పనిచేసే యువకుడు. ఉడా ఒక విచిత్రం గమనించారు. వైరు తగిలించిన కడ్డీ దగ్గర ఏ వైరూ లేని కడ్డీని ఊరికే నిలబెట్టినా తరంగం దిశ మారుతోంది! మేము చిన్నప్పుడు అన్ని కడ్డీలూ సిగ్నల్ పట్టి వైరులోకి పంపుతాయనుకునేవాళ్లం. కాదు. వైరు ఉండేది ఒక్కదానికే, తరంగంలో సగం పొడవుండే దానికే. మిగిలినవి వచ్చిన తరంగానికి తామూ కంపించి, తిరిగి ప్రసారం చేస్తాయి. వెనక ఉండే కడ్డీ కొంచెం పొడుగు. అందులో కంపనం కాస్త ఆలస్యమవుతుంది. ముందుండే కడ్డీలు కొంచెం పొట్టి, వాటిలో కంపనం కాస్త ముందుంటుంది. ఈ తేడాలను, కడ్డీల మధ్య ఎడాన్ని సరిగ్గా కుదిరిస్తే ముందువైపు అన్నీ కలిసి బలపడతాయి, వెనకవైపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మ్యాచ్ రోజున మనం గొట్టం తిప్పింది ఆ ముందువైపును ట్రాన్స్‌మిటర్ వైపుకు పెట్టడానికే.

పనిలో ఎక్కువ భాగం ఉడాదే. ఆయన జపాన్ భాషలో రాశారు. 1928లో యాగీ ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసి అమెరికా పత్రికలో ప్రచురించడంతో లోకమంతా "యాగీ యాంటెన్నా" అనేసింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమంది. ఇప్పుడు మంచి పుస్తకాలన్నీ ఇద్దరి పేర్లూ రాస్తున్నాయి. మీరూ పరీక్షలో యాగీ-ఉడా అనే రాయండి.

విచిత్రమేమిటంటే స్వదేశంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1942లో జపాన్ సైన్యం సింగపూర్‌ను పట్టుకున్నప్పుడు ఒక బ్రిటిష్ రాడార్ సైనికుడి నోట్సు దొరికింది. అందులో పదే పదే "యాగీ" అనే మాట. అది ఏమిటో, ఎలా పలకాలో వాళ్లకు తెలియలేదు. ఆ బందీని అడిగితే, అది మీ దేశపు ప్రొఫెసర్ పేరే కదా అని అతను ఆశ్చర్యపోయాడు. ఇది చదివాక మా వైవా సంగతి తలచుకుని సిగ్గుపడటం మానేశాం.

మన తెలుగు నేల మీద ఈ యాంటెన్నాను చూడదలిస్తే తిరుపతి దగ్గర గాదంకి వెళ్లాలి. పీజీ మొదటి సంవత్సరంలో మా క్లాసు అంతా వెళ్లాం. అక్కడి వాతావరణ రాడార్‌లో మూడేసి కడ్డీల యాగీలు, ఒకదానికొకటి అడ్డంగా జతచేసినవి, 32 వరుసల్లో 32 చొప్పున మొత్తం 1024 ఉన్నాయి. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల పొలమంతా కడ్డీలే, అన్నీ ఆకాశం వైపు చూస్తూ. పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్, అంటే తరంగం అయిదున్నర మీటర్లకు పైనే. పై గాలుల నుంచి తిరిగివచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని విని, కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తుందో చెబుతారు. అక్కడ గొట్టం తిప్పేవాడు లేడు. ఒక్కో యాంటెన్నాకు కంపనాన్ని కొద్దికొద్దిగా ముందువెనకలుగా అందిస్తే చాలు, కడ్డీ కదలకుండానే చూపు పక్కకు వాలుతుంది.

ఇదే ఉపాయం ఇప్పుడు 5జీలో ఉంది. మన దేశంలో 2022 వేలంలో 26 గిగాహెర్ట్జ్ తరంగాలు కూడా ఇచ్చారు. ఆ తరంగంలో సగం అంటే 6 మిల్లీమీటర్ల లోపే. గాదంకిలో పొలమంత అయినది ఇక్కడ అరచేతి పలకలో ఇమిడిపోతుంది. అయితే పొట్టి తరంగానికి కష్టాలూ ఉన్నాయి. గోడ, చెట్టు, చివరికి మన చెయ్యి అడ్డొచ్చినా ఆగుతుంది. 60 గిగాహెర్ట్జ్ దగ్గరైతే గాలిలోని ఆక్సిజనే మింగేస్తుంది, కిలోమీటరుకు సుమారు 15 డెసిబెల్‌లు. అంటే వంద పాళ్లలో మూడు పాళ్లే మిగులుతాయి. గది లోపల మాత్రం అదే మేలు, పక్కగది వాళ్లకు మన తరంగం అడ్డురాదు.

దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసేయడంతో మన మేడ మీది యాంటెన్నాకు పని పోయింది. మొన్న సంక్రాంతి సెలవుల్లో వచ్చినప్పుడు చూశాం, దానికి తాడు కట్టి తువ్వాళ్లు ఆరేసుకుంటున్నారు. టేపు తీసుకుని కొలిచాం. వైరు తగిలించే మడత కడ్డీ 78 సెంటీమీటర్లు ఉంది. కడ్డీ పొడవును మీటర్లలో తీసుకుని దానితో 143ను భాగిస్తే మెగాహెర్ట్జ్‌లు వస్తాయి (లెక్క ప్రకారం 150 రావాలి, కడ్డీకి మందం ఉంటుంది కనుక కాస్త తగ్గించాలి). 183 వచ్చింది, అంటే ఆరో నంబరు ఛానల్. దాని వెనక కడ్డీ పొడుగు, ముందువి పొట్టి, అంతా ఉడా చెప్పినట్టే ఉంది. తమ్ముళ్లు కూడా ఒకసారి కొలిచి చూడండి. ముందువైపు మూడో కడ్డీ ఉండాల్సిన చోట ఉత్త మేకు మాత్రమే కనిపిస్తుంది. దాన్ని జామకాయలు కోయడానికి విరిచింది మేమే. వార్డెన్ సారుకు ఇప్పటిదాకా తెలియదు.