చెవికి పట్టిన మాటే నోటికి వస్తది

మన హాస్టల్‌లో ఇంగ్లీషు మాటలు కొందరికి రెండుసార్లు అంటే వచ్చేస్తాయి. కొందరికి ఇరవైసార్లు రాసినా రావు. రానివాళ్ళని మొద్దు అంటారు. అది తప్పని సైన్సు మేడం చెప్పిన పాఠం విన్నాక నాకు గట్టిగా అనిపించింది.

కొత్త మాట వినగానే దాని శబ్దం మన బుర్రలో సుమారు రెండు సెకండ్లే ఉంటది. లోపల మళ్ళీ మళ్ళీ అనుకుంటేనే నిలుస్తది. బ్రిటన్‌లో బాడ్లీ అనే శాస్త్రవేత్త దీనిమీద చాలా పరిశోధన చేశారు. ఇటలీలో ఒకామెకు జబ్బు చేసి, విన్న శబ్దం గుర్తుండే శక్తి దెబ్బతిన్నది. ఆమె మాట్లాడతది, తెలివి బాగానే ఉంది. తన భాషలోని రెండు మాటల్ని జతచేసి చెబితే అందరిలాగే నేర్చుకుంది. రష్యన్ మాటలు వినిపిస్తే మాత్రం నేర్చుకోలేకపోయింది! ఈ సంగతి 1988లో అచ్చయింది. చూడండి, తెలివి వేరు, శబ్దం పట్టుకోవడం వేరు.

ఫిన్లాండ్‌లో తొమ్మిదేళ్ళ పిల్లల చేత అర్థంలేని వింత మాటలు పలికించారు. బాగా తిరిగి పలికినవాళ్ళకే రెండున్నరేళ్ళ తర్వాత ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చాయట. ఇది 1992 నాటి పరిశోధన.

మరి మన సంగతి? మా కోయ ఇళ్ళల్లో నీళ్ళని ఏరు అంటాం. తెలుగులో ఏరంటే వాగు. అర్థం కొంచెం మారినా శబ్దం పాతదే, అందుకే తొందరగా పట్టుకున్నాం. మెజర్, ప్లెజర్ లాంటి మాటల్లో శబ్దం మన కోయలోనూ లేదు, తెలుగులోనూ లేదు. అట్లాంటివే జారిపోతాయి. మనకు ఇంగ్లీషు మూడో భాష కదా! అయితే ఒక భాషలో మాటలు పెరిగేకొద్దీ కొత్తవి సులువవుతాయని మేడం చెప్పారు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

పెద్ద మాటని ముక్కలు చేసి అనాలి: ఫోటో, సిన్, థసిస్. స్పెల్లింగు ఒక్కటే రాస్తే చాలదు, నోటితో అనాలి. పక్కన ఎవరో మాట్లాడుతుంటే మాత్రం లోపలి శబ్దం చెదిరిపోతది.

వార్డెన్ మేడం గారికి మనవి. స్టడీ అవర్‌లో నోరు మెదపకూడదంటే కొత్త మాటలు రావు, అందరం ఒకేసారి అరిచినా రావు. ఇంగ్లీషు మాటలకి పావుగంట వరండాలో ఇద్దరిద్దరం దూరంగా కూర్చుంటాం. ఒకరు అంటే ఇంకొకరు పుస్తకం చూడకుండా తిరిగి అంటారు. ఆరో తరగతి చెల్లెళ్ళతో మేం కూర్చుంటాం.