ప్రశ్నలు - జవాబులు: కణపుపొర దాటు చక్కెర

ప్రశ్న: చక్కెర నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది కదా, కణంలోకి తానే ఎందుకు దూరలేదు? వాహక ప్రోటీన్ల సంగతి మా పాఠంలో నాలుగు వాక్యాలతో ముగించారు.
- ఇంటర్ విద్యార్థిని, వికారాబాదు

జవాబు: నీట కరగు గుణమే ఇచట దానికి ప్రతిబంధకమగుచున్నది. కణము నావరించిన పొర రెండు వరుసల కొవ్వు అణువులతో నేర్పడినది. దాని నడిమిభాగము తైలస్వభావము కలదగుటచే, నీటిని విడువనొల్లని గ్లూకోజు అను చక్కెర అణువునకు దానిగుండా సాగిపోవుట దుస్సాధ్యము. కావున పొరయందే నాటుకొని దారి యొసగు ప్రోటీనులు కావలసివచ్చినవి. వీనిలో ఎర్రరక్తకణములయందు విస్తారముగా నుండు గ్లూట్-1 యొక్క నిర్మాణక్రమమును 1985లో మ్యూక్లర్, లోడిష్ ప్రభృతులు ప్రకటించిరి. 492 అమైనో ఆమ్లముల ఆ గొలుసు పొరను పండ్రెండుమార్లు అటునిటు దాటి, రెండు సమూహములుగా కూడుకొని, వాని నడుమ గ్లూకోజునకు సరిపడు కుహరము నొకదానిని నిలుపుకొన్నది. దీనిని సొరంగమువలె గీయు బొమ్మలను నమ్మవలదు. ఈ కుహరము ఎన్నడును రెండువైపుల నొక్కమారు తెరచియుండదు. వెలుపలికి తెరచికొని గ్లూకోజును గ్రహించి, వెలుపలివైపు మూసికొనిన పిమ్మటనే లోనికి తెరచుకొనును. 2014లో చైనాకు చెందిన నియెంగ్ యాన్ బృందము ఈ ప్రోటీను స్ఫటికనిర్మాణమును కనుగొన్నది. అందు కుహరము లోపలివైపునకు తెరచియున్న స్థితి కానవచ్చినది. గ్లూట్-1 శక్తి వ్యయపరచదు. చక్కెర ఎటు అధికమో అటునుండి ఇటు చేర్చును, అంతియే.

ప్రశ్న: చిన్నోనికి విరేచనాలైతే ఓఆర్ఎస్ తాపమన్నరు. తియ్యగుంటె తాగుతడని ఇంకో నాలుగు చెంచాల చక్కెర కలిపిన. విరేచనాలు ఇంకెక్కువైనయి. అసలు చక్కెరెందుకు, ఒట్టి ఉప్పునీళ్లు సాలవా?
- ఒక తల్లి, తాండూరు

జవాబు: అమ్మా, ఒట్టి ఉప్పునీరు చాలదు, మితిమీరిన చక్కెర మేలుచేయదు. చిన్నపేగు లోపలి అంచున ఎస్.జి.ఎల్.టి.-1 అను మరియొక వాహకము కలదు. ఇది పైన చెప్పినదానివలె చక్కెరను ఒంటరిగా రానీయదు. ఉప్పులోని సోడియము రెండు అయానులు వెంట వచ్చినగాని ఒక గ్లూకోజు అణువును లోనికి గొనిపోదు. ఈ రెండును చేరినచోటికి నీరును అనుసరించును. కణములోపల సోడియము కొరవడియుండుటచేతనే అది వెలుపలనుండి త్వరపడి వచ్చును. ఆ కొరతను నిలుపుటకై కణపు అడుగువైపునగల పంపు మూడు సోడియములను వెలికి నెట్టి రెండు పొటాషియములను తెచ్చుకొనుచు, అందుకై కణమునకు శక్తినొసగు ఏ.టి.పి. అను అణువును వెచ్చించుచుండును. ఆ ఏ.టి.పి.ని 1929లో ఫిస్కేతో కూడి హార్వర్డులో గుర్తించినవాడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. పేగు ఆహారమును పీల్చుకొనజాలని గ్రహణీవ్యాధివలన తోడబుట్టినవారిని పోగొట్టుకొని, తానును దానిచే పీడితుడైన ఆయన పరిశోధన, పేగుగోడ పనిచేయు తీరును తెలిసికొనుటకును ఆధారమగుట గమనింపదగినది.

సోడియముతో గ్లూకోజు జంటగా సాగునను సంగతిని 1960లో ప్రాగు నగరపు సభయందు జీవరసాయనవేత్త రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించెను. కలరా విషము పేగునుండి నీటిని వెళ్లగొట్టునేకాని ఈ ద్వారమును మూయదని పిదప తేలెను. 1971లో పశ్చిమబెంగాలులోని బనగావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలి సెలైను సీసాలు కొరవడగా వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి అనేకుల ప్రాణములు నిలిపెను.

నేటి ప్రపంచ ఆరోగ్యసంస్థ పొట్లమున లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియము క్లోరైడు 1.5, సోడియము సిట్రేటు 2.9 గ్రాములుండును. మీరు అదనముగా వేసిన చక్కెర పేగులోనే మిగిలి, శరీరమునందలి నీటిని తనవైపునకు లాగుకొనును. విరేచనములు హెచ్చుట అందుచేతనే. ఓఆర్ఎస్ పేరు తగిలించుకొని అంగళ్ల నమ్ముడుపోయిన తీపి పానీయములపై హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఏండ్లతరబడి పోరాడగా, 2025 అక్టోబరులో దేశ ఆహారభద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించినది. తాండూరు మందుల దుకాణమునందైనను పెట్టెమీది అక్షరములుకాక, లోపలి మోతాదు చదివి కొనుడు.

పొట్లముపై ఎంత నీరని అచ్చువేసియున్నదో అంత కాచి చల్లార్చిన నీట కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టుడు. 24 గంటలు దాటిన దానిని పారబోయుడు. పాలు, అన్నము మానిపింపకుడు. ఆశా కార్యకర్తవద్ద జింకు బిళ్లలు అడుగుడు. బిడ్డ మందగించి పడుకొన్నను, కండ్లు లోనికి పోయినను, మూత్రము రాకున్నను, మలమున రక్తము కనిపించినను ఆసుపత్రికి వెళ్లుటలో జాగు వలదు.

ప్రశ్న: మధుమేహానికి డాక్టరుగారు కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్ రాశారు. మూత్రపరీక్షలో చక్కెర నాలుగు ప్లస్సులు వచ్చింది. మందు వికటించిందా? మా అబ్బాయేమో భోంచేశాక నడవమని ప్రాణం తీస్తున్నాడు.
- విశ్రాంత ఉపాధ్యాయుడు, వికారాబాదు

జవాబు: వికటింపలేదండీ, ఫలించినది. మూత్రపిండములు దినమునకు సుమారు 180 గ్రాముల గ్లూకోజును వడపోసి, తిరిగి రక్తమునకు చేర్చును. అందు పదింట తొమ్మిదిపాళ్లు ఎస్.జి.ఎల్.టి.-2 అను వాహకము చేయు పని. మీ బిళ్ల దానిని అడ్డగించును. 1835లోనే ఆపిలుచెట్టు వేరుబెరడునుండి వెలికితీసిన ఫ్లోరిజిన్ అను పదార్థము ఈ మందులకు మూలపురుషుడు. ఇకమీద మూత్రములో చక్కెర చూచి బెంగపడకుడు, రక్తపరీక్షనే నమ్ముడు.

అబ్బాయిగారి మాట వినుడు. కండరకణములలో గ్లూట్-4 అను వాహకములు లోపలి చిన్నసంచులలో దాగియుండి, ఇన్సులిన్ పిలుపుతో పొరమీదికి వచ్చును. కండరము ముడుచుకొనినపుడు ఇన్సులిన్‌తో నిమిత్తములేకయే వచ్చును. భోంచేసి నడచినపుడు రక్తములోని చక్కెర ఈ త్రోవననే కండరములు చేరును.

ఈ బిళ్లవలన జననాంగములవద్ద ఫంగసు వ్యాధి రావచ్చును గనుక శుభ్రత పాటింపుడు. వాంతులున్నను, రోజంతయు ఉపవాసమున్నను వైద్యునడిగి బిళ్ల ఆపుడు. లేనిచో రక్తములో చక్కెర అధికము కాకున్నను కీటోనులు పెరిగి అపాయము కలుగవచ్చును. శస్త్రచికిత్సకు వెళ్లవలసివచ్చిన, కనీసము మూడుదినములు ముందుగా మాన్పింతురు. ఈ మందు వాడుచున్నట్లు అచటి వైద్యునికి మీరే చెప్పుడు.