బావి తవ్విన లెక్క

పోటీ పరీక్షలకు క్షేత్రమితి చదువుకునే మిత్రులకు మా జనగామ పక్క పల్లెలో జరిగిన సంగతి మనవి చేస్తాను.

నాలుగు గజాల వ్యాసం, ఏడు గజాల లోతు బావి తవ్విన కూలీలకే మా నాయిన ఆరు గజాల బావి ఒప్పజెప్పిండు, లోతు అంతే. "వెడల్పు ఒకటిన్నర, పైసలూ ఒకటిన్నర" అన్నడు. గిట్టదని వాళ్లు సగంల ఆపిండ్రు.

నేను కాగితం తీశాను. 22/7 × 2 × 2 × 7 = 88 ఘనపు గజాలు. వ్యాసార్థం 3 అయితే 198. అంటే రెండుంబావు రెట్లు! వ్యాసార్థంతో రెండుసార్లు గుణిస్తాం గదా. (ఆ మట్టిని 121 చదరపు గజాల గుంటలో పరిస్తే గజమున్నర పైనే లేస్తుంది.) పరీక్షలో వ్యాసమిస్తారు, సగం చేయడం మరిస్తే జవాబు నాలుగింతలు. ఆ తప్పు జవాబూ అక్కడే ఉంటుంది, నేనూ పడ్డవాణ్ణే.

"ముందే చెప్పకపోతివి" అని నాయిన మిగతా పైకానికి వడ్లు అమ్మిండు.